నోటుబుక్‌లో నిద్ర గంటలు

రెండు నెలలపాటు నా డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బరువుల బార్‌ను పట్టుకుని నిటారుగా లేవడం, 70 కిలోల దగ్గరే ఆగిపోయింది. నాగోల్‌లో మా సందు చివరే జిమ్. వారానికి ఆరు రోజులు, పొద్దున్న ఐదున్నరకల్లా అక్కడుండేదాన్ని. ఆ తర్వాత మెట్రోలో రాయదుర్గం, ఆఫీసు. రాత్రి కాల్స్ అయ్యేసరికి పన్నెండు. బరువు పెరగడం లేదని ఇంకో సెట్ కలిపేదాన్ని. వేరే దారి తోచలేదు.

ఓ రోజు కోచ్ నా నోటుబుక్ తిరగేసి, "అన్నీ రాసినవ్ గానీ అక్కా, ఎన్ని గంటలు పంటున్నవో రాయలే" అన్నాడు. ఆ రోజు నుంచి తేదీ పక్కన ఎర్ర పెన్నుతో నిద్ర గంటలు రాయడం మొదలుపెట్టాను. 5, 4½, 5, 5. అలాంటి వారం చివర 70 కిలోలు మూడు రెప్స్‌కే చేయి జారేది. ఆదివారం ఎనిమిది గంటలు పడుకుంటే, సోమవారం అదే బరువు ఆరుసార్లు లేచేది. మూడు వారాలు వరుసగా అంతే.

బార్ ఎత్తడమంటే కండకు పని చెప్పడం. ఆ పని జరిగేది మనం జిమ్ నుంచి వచ్చేశాకే. కండ కొత్త ప్రొటీన్ కట్టుకునే వేగం ఆ తర్వాత ఒకటి, రెండు రోజులు ఎక్కువగా ఉంటుంది. 2021లో ఆస్ట్రేలియా డీకిన్ యూనివర్సిటీ వాళ్లు 13 మంది యువతీయువకులతో ఒక పరిశోధన ప్రచురించారు. రాత్రంతా మేలుకుంటే మర్నాడు కండలో ప్రొటీన్ తయారీ 18 శాతం తగ్గిందట, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరిగిందట. ఒక్క రాత్రికే! అది చదివి చాలాసేపు ఆ ఎర్ర అంకెలే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నాలుగు రోజులే వెళ్తున్నా. ప్రతి ఐదో వారం బరువులు తగ్గించి తేలిగ్గా చేస్తున్నా. మొదటి బుధవారం ఏడింటిదాకా పడుకుంటే అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, "పాణం బాగలేదా బిడ్డా?" అంది. రెస్ట్ డే అని చెబితే నమ్మలేదు. ఆ పూట పెసరట్టుతో పాటు మిరియాల కషాయం కూడా తాగించింది.

తొమ్మిదో వారంలో 80 కిలోలు మూడుసార్లు లేపాను. మంగళవారం కాల్స్ మాత్రం ఇప్పటికీ పదకొండు దాటుతున్నాయి, అందుకే బుధవారాన్ని ఎవరడిగినా వదలడం లేదు.