మతత్లాన్‌లో మా తాత కిత్తనార

మెక్సికోలోని వహాకా ట్రిప్ గురించి రాయమని ఫ్రెండ్స్ అడుగుతున్నారు. మోంతే అల్బాన్ శిథిలాలు, తూలేలోని పెద్ద చెట్టు, ఆ చర్చిలు అన్నీ చూశా, బాగున్నాయి, వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నాకు మాత్రం తిరిగొచ్చాక కూడా మనసులో తిరుగుతున్నది ఒక్క మధ్యాహ్నమే, అదే రాస్తా.

మెస్కాల్ అనే అక్కడి సారా ఎలా కాస్తారో చూద్దామని టూర్ అడిగితే మనిషికి దాదాపు వంద డాలర్లు చెప్పారు. ఒళ్లు మండింది. పొద్దున్నే బేస్‌బాల్ స్టేడియం దగ్గరికెళ్లి షేర్ టాక్సీ ఎక్కేశా, కొలెక్తివో అంటారు, మన మదనపల్లె ఆటోల్లాగే సీటుకి మించి జనం, నా ఒళ్లో ఎవరిదో టమాటా సంచి. త్లకోలూలా అనే ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా కొండ మీదదాకా వరసలు వరసలుగా నీలం ఆకుపచ్చ మొక్కలు కనిపించాయి. చూడగానే "అరె, ఇది కిత్తనార కదా" అని పైకే అన్నా, పక్కనున్నామె నవ్వింది. మా పొలం గట్ల మీద గొర్రెలు రాకుండా కంచెకి వేసేది అచ్చం ఇలాంటి మొక్కే. జాతి వేరే, వీళ్లది ఎస్పదీన్ అంటారు, మెస్కాల్ కాచేది దీంతోనే, కానీ ఆ ముళ్లు, ఆ ఆకుల తీరు చూస్తే మా తాత గుర్తొచ్చేశాడు.

మతత్లాన్‌లో దిగితే ఊరి మొదట్లోనే ప్రపంచ మెస్కాల్ రాజధాని అని స్వాగత తోరణం. రోడ్డు మీద మొదట కనిపించిన షాపులోకెళ్తే పది నిమిషాల్లో కాఫీ ఫ్లేవరు, మామిడి ఫ్లేవరు అని తియ్యటి క్రీములు చేతిలో పెట్టి కొను కొను అని చంపేశారు, ఎలా కాస్తారో చూపించమంటే గోడ మీద ఫొటో చూపించారు. చిరాకేసి బయటికొచ్చేశా. అప్పుడు గాలికి ఒక వాసన వచ్చింది, బెల్లం వండే చోట వచ్చే వాసనలో కట్టెల పొగ కలిసినట్టు. దాన్ని పట్టుకుని సందులోకి వెళ్తే గోడల్లేని రేకుల షెడ్డు ఒకటి, దాన్నే పలేంకే అంటారు. గుర్రం ఒకటి, పెద్దాయన ఒకాయన, ఆయన కొడుకు. నాకు ఆఫీసులో నేర్చుకున్న నాలుగు ముక్కల స్పానిష్ వచ్చు. "దోన్, చూడొచ్చా" అని అడిగా, దోన్ అంటే మన అయ్యా లాగా. రమ్మన్నాడు.

నేలలో గిన్నెలాగా తవ్విన గొయ్యి. అందులో కట్టెలు కాల్చి, మీద రాళ్లు పేర్చి అవి ఎర్రగా అయ్యాక పాత పిప్పి ఒక వరస వేసి, ఆకులు నరికేసిన కిత్తనార దుంపలు పోగేసి, చాపలు మట్టి కప్పేస్తారు. దుంపని పీన్యా అంటారు, ఒక్కోటి యాభై కిలోల పైమాటే. మూడు నుంచి ఐదు రోజులు అలా మగ్గాలి. పచ్చి కిత్తనార రసం తగిలితే దురద, చిన్నప్పుడు చేతులంతా గోక్కున్న అనుభవం నాకుంది, అదే మొక్క మగ్గాక చిలగడదుంప కన్నా తియ్యగా ఉంటుందంటే తిన్నదాకా నమ్మలేదు. ఎస్పదీన్ కోతకి రావడానికే ఏడెనిమిదేళ్లు పడుతుందట. అంటే ఆ గోతిలో ఉన్నవి నేను అమెరికాలో దిగిన ఏడాదికి అటూ ఇటూగా నాటినవి! పూలకర్ర లేవగానే కోసేస్తారు, లేకపోతే తీపంతా పువ్వుకే పోతుంది, పూసిందంటే మొక్క చచ్చిపోతుంది. కొండల్లో దొరికే తోబలా అనే చిన్న జాతికి ఇంకా ఎక్కువేళ్లు కావాలి, ఇప్పుడు దానికోసం చాలా దూరం నడవాల్సొస్తోందని ఆయన చెయ్యెత్తి కొండల వైపు చూపించాడు.

గుర్రం లాగే రాతి చక్రం చూసి అయితే ఆగిపోయా. మా ఊరి పాత గుడి వెనకాల సున్నం గానుగ రాయి పడి ఉంటుంది, దాని మీద కూర్చుని ఆడుకునేవాళ్లం, దాన్ని ఎద్దులు ఎలా లాగేవో తాత చెప్పడమే కానీ తిరుగుతుంటే చూడలేదు. ఇక్కడ చూశా. గుండ్రంగా తిరుగుతూ మగ్గిన ముక్కల్ని నలిపేస్తోంది. తర్వాత నీళ్లు కలిపి పైను చెక్క తొట్లలో పోస్తారు, ఈస్టు ఏమీ వేయరు, గాలిలో ఉన్నదే పని చేస్తుంది. తొట్టి దగ్గర చెవి పెడితే వాన చినుకుల్లా చప్పుడు.

రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. రెండోసారి వచ్చేదాన్ని ఆయన వెదురులాంటి గొట్టంతో నోటితో పీల్చి బుర్రకాయ చిప్పలోకి చిమ్మాడు. నురగ బుడగలు ముత్యాల్లా అంచు చుట్టూ నిలబడ్డాయి. వాళ్లు కూడా ముత్యాలనే అంటారు, పెర్లాస్. పలచగా ఉన్నా మరీ ఘాటుగా ఉన్నా బుడగలు వెంటనే పగిలిపోతాయి, ఆల్కహాలు యాభై శాతం దగ్గర ఉంటే నిలుస్తాయి. "నలభై ఎనిమిది" అన్నాడు. కొడుకు మీటరు ముంచి చూపించాడు, నలభై ఎనిమిదే!

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది, దాచడం ఎందుకు. మా అమ్మకి సారా అన్న మాటే గిట్టదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం, 1993లో సారా బందు, ఇవి వింటూ పెరిగినవాణ్ని. బట్టీ అంటే నాకు తాగి కొట్టే మొగుళ్లే గుర్తొస్తారు. ఇక్కడేమో బట్టీ దగ్గర ఆయన మనవరాలు హోంవర్క్ చేసుకుంటోంది, పోసింది కూడా రెండు గుటకలు, మెల్లగా ముద్దు పెట్టుకున్నట్టు తాగమన్నాడు. రెండూ నిజమే, నాకు ఇప్పటికీ సర్దుబాటు కాలేదు.

ఇంకో మాట విని బాధేసింది. ఆయన సీసా మీద మెస్కాల్ అని రాయకూడదట. 1994లో ఆ పేరుకి చట్టరక్షణ వచ్చింది, సర్టిఫికెట్ ఉంటేనే రాయాలి, ఆ ఖర్చు భరించలేక ఇలాంటి చిన్నవాళ్లు చాలామంది అగావే సారా, అంటే కిత్తనార సారా, అని అమ్ముకుంటారు. ఇంటి పెద్దలు కాచిన పద్ధతిలోనే కాస్తూ పేరు పెట్టుకోలేకపోవడం ఏంటండీ? లీటరు మూడొందల పెసోలకిచ్చాడు. డాలస్‌లో మెస్కాల్ సీసాకి నేను కట్టిన డెబ్బై డాలర్లలో ఇలాంటాయన చేతికి ఎంత చేరుతుందో అని ఆలోచిస్తూనే ఉన్నా.

మగ్గిన ముక్క నమిలితే చెరుకులాగే తీపంతా పోయి చివరికి నార మిగిలింది. ఉమ్మేయబోయి ఆగా. మా తాత కిత్తనార ఆకులు దంచి, కుంటలో నానేసి, ఆ కుళ్లు వాసనకి అవ్వ తిడుతున్నా వినకుండా నార తీసి ఎద్దులకి పలుపులు పేనేవాడు. నా చేతిలో నార కడుక్కుని తొడ మీద పెట్టి అలాగే పేనా, జానెడు తాడు వచ్చింది, వంకరటింకరగా. పెద్దాయన చూసి "ఇష్ట్లే!" అన్నాడు. అర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని గుర్రం దగ్గరికి తీసుకెళ్లి దాని మెడలో తాడు చూపించాడు, అదే నార. కూర్చోబెట్టి, నాది విప్పేసి, తడి చేసి మళ్లీ పేనడం చూపించాడు. తాత ఎడమ చేత్తో పట్టేవాడు, ఈయన కుడి చేత్తో. ఆఖరి కొలెక్తివో హారన్ వినిపించేదాకా అక్కడే కూర్చున్నా.