వెండి మీద దేవతలు: రోమ్‌లో దేనారియస్ నాణేల వెంట

రోమ్‌లో తెర్మినీ రైల్వే స్టేషనుకు సమీపంలో ఉన్న పలాజ్జో మాస్సిమో మ్యూజియానికి వచ్చేవారిలో ఎక్కువమంది పై అంతస్తుల్లోని కుడ్యచిత్రాలను చూడటానికి వెళతారు. నేను మాత్రం నాణేల కోసం నేరుగా నేలమాళిగకు దిగాను.

కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం సాగుతుండగా, క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమన్లు ప్రవేశపెట్టిన దేనారియస్ సుమారు నాలుగున్నర గ్రాముల వెండి నాణెం. దాని ఒకవైపు శిరస్త్రాణం ధరించిన రోమా దేవత ముఖం, మరొకవైపు ఈటెలు పట్టి గుర్రాలపై దూసుకుపోతున్న కవల దేవతలు కాస్టర్, పోలక్స్ ఉంటారు. మన అశ్వినీ దేవతలతో పండితులు వీరిని పోల్చడం కొత్తేమీ కాదు. తరువాతి నాణేల మీదికి రథమెక్కిన చంద్రదేవత లూనా, విజయదేవత విక్టోరియా, దేవతల రాజు జూపిటర్ వచ్చారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది క్రీ.పూ. 46లో టంకశాల అధికారి టైటస్ కారిసియస్ ముద్రించిన నాణెం. టంకశాల జూనో మోనెటా ఆలయం పక్కనే ఉండేది కాబట్టి ఒకవైపు ఆ దేవత ముఖాన్నీ, మరొకవైపు సుత్తి, దాగలి, పట్టకారులనూ చెక్కించాడు. దేవతకూ పనిముట్లకూ సమాన గౌరవమిచ్చిన ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. దాగలిలో బిగించిన అచ్చుపై వెండి బిళ్ళ ఉంచి, పై అచ్చును సుత్తితో మోదేవారు. దెబ్బ కాస్త పక్కకు పడితే దేవుడి రథం సగమే అచ్చుపడేది.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో కుప్పగా దొరికిన దేనారియస్‌లు ఇంతకంటే తరువాతి కాలానివి, ప్రధానంగా అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. టైబీరియస్ నాణెం మీద రాజదండం పట్టుకుని కూర్చున్న స్త్రీ శాంతి దేవతా, లేక చక్రవర్తి తల్లి లివియానా అన్నది ఇంకా తేలలేదు. దేవతకూ రాజకుటుంబానికీ తేడా తెలియనంతగా బొమ్మలు మారిపోయాయన్నమాట.

ఆ మార్పుకు మూలాలు ప్రాచీన రోమ్ నగర కూడలి అయిన ఫోరంలో కనిపించాయి. కాస్టర్, పోలక్స్ ఆలయంలో నేడు నిలిచి ఉన్నవి మూడు స్తంభాలే. రెగిల్లస్ సరస్సు దగ్గర జరిగిన యుద్ధంలో రోమన్లను గెలిపించిన ఆ కవలలు పక్కనే ఉన్న జుటూర్నా కోనేటిలో గుర్రాలకు నీళ్లు తాగించారని ఐతిహ్యం. నాణెం మీది కవలలు నగరమంతటికీ రక్షకులు. అయితే కొద్ది దూరంలోని సీజర్ ఫోరంలో ప్రేమదేవత వీనస్ జెనెట్రిక్స్ ఆలయ శిథిలాలున్నాయి. వీనస్ తన వంశానికి మూలమాత అని చెప్పుకున్న సీజర్ క్రీ.పూ. 46లో ఆ గుడిని ప్రతిష్ఠించాడు. క్రీ.పూ. 44 నాటి దేనారియస్‌లపై ముఖం సీజర్‌ది. దేవతలు ఉండే ఆ స్థానంలోకి బతికున్న రోమన్ నాయకుడు రోమ్ టంకశాలలోనే ప్రవేశించగా, వీనస్ వెనుకవైపుకు వెళ్ళింది.