టపాల్ బండి తెచ్చిన తిప్పలు: నా అనుభవం

నల్లగొండ దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో నేను ల్యాబ్ అసిస్టెంటును. పోయినేడు ఫైనలియర్ పిల్లలు నలుగురు, తనంతట తానే నడుస్తూ ఆఫీసు టపాల్ మోసే బండి చేస్తామన్నారు. ఇన్‌వర్డ్ సెక్షన్ నుంచి ప్రిన్సిపాల్ గది, అకౌంట్స్, ఎగ్జామ్ బ్రాంచి, లైబ్రరీ, అన్నీ ఒకే వరండాలో. మెట్లు ఎక్కేది లేదు, దిగేది లేదు. ఇంతకంటే తేలిక పని ఏముంటుందని నేనూ అందులో దూరాను.

ఆలోచన కొత్తదేం కాదు. 1970ల్లోనే అమెరికా ఆఫీసుల్లో మెయిల్‌మొబైల్ అనే బండి తిరిగింది. కార్పెట్ మీద కంటికి కనపడని రసాయనాన్ని గీతలా చల్లేవారు. అతినీలలోహిత కాంతి పడితే ఆ గీత మెరిసేది, బండి దాన్ని పట్టుకుని నడిచేది. మాకు ఆ రసాయనం ఎక్కడిది? కరెంటు షాపులో దొరికే నల్ల ఇన్సులేషన్ టేపు వేశాం. పైన బండిని నడిపించే చిన్న కంప్యూటరు లాంటి ఆర్డునో బోర్డు, 12 వోల్టుల బ్యాటరీ, రెండు గేరు మోటార్లు, కింద ఐదు ఐఆర్ సెన్సార్లు, అంటే కంటికి కనపడని పరారుణ కాంతితో నేలను చూసేవి.

ల్యాబులో తెల్ల టైల్స్ మీద బుద్ధిగా నడిచింది. వరండాలోకి తేగానే గానుగెద్దులా ఒక్కచోటే తిరిగింది. అక్కడున్నవి షాబాదు బండలు. నేల నుంచి ఎంత వెలుగు తిరిగొస్తుందన్నదే సెన్సారుకు లెక్క. పాతబడి నల్లబారిన బండా, నల్ల టేపూ దానికి ఒకటే అయిపోయాయి. టేపు తెల్లది వేసి, ప్రోగ్రాము తిరగరాశాం. సాయంత్రం పడమటెండ వాలగానే మళ్లీ అదే తంతు, ఎండలోనూ ఐఆర్ ఉంటుంది కదా! సైకిల్ ట్యూబు ముక్కలు కట్టి సెన్సార్లకు నీడ చేశాం. ఊడ్చే అక్క తడిబట్ట పెట్టినప్పుడల్లా టేపు లేచిపోయేది. విసుగొచ్చి తెల్ల పెయింటు వేయించాను. ప్రిన్సిపాల్ సారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రతి గదికీ గడప ఉంది. దాటించడం మావల్ల కాలేదు, బయటే ఆగి కూత పెట్టేలా చేశాం.

ఇవన్నీ చూస్తూ కూర్చున్న అటెండరు కాక ఒకరోజు అడిగాడు: "మంచిగనే ఉన్నది బిడ్డా, మరి సంతకం ఎట్ల తెస్తది?"

నాకు జవాబు తోచలేదు. కాగితం గది దాకా పోతే టపాల్ ముట్టినట్టు కాదు. తీసుకున్నవాళ్లు పుస్తకంలో సంతకం పెడితేనే ముట్టినట్టు. ఎవరు లీవులో ఉన్నారో, వాళ్ల బదులు ఎవరికివ్వాలో, ఏ కవరు "అర్జెంటు సార్" అని ఎదుట నిలబడి ఇవ్వాలో కాకకు తెలుసు. మా సెన్సార్లకు ఏం తెలుసు?

ట్రేలో పుస్తకం పెట్టి, పెన్ను దారంతో కట్టి, సంతకం చేశాక నొక్కమని బటన్ పెట్టాం. మొదటిరోజే అకౌంట్స్ సారు సంతకం చేయకుండా బటన్ నొక్కేశారు, కూత ఆగాలని. ఎగ్జామ్ బ్రాంచి వాళ్లయితే సీలు కవర్లు దీంట్లో పంపొద్దన్నారు. ఆ మాట నాకూ సబబే అనిపించింది.

పిల్లలు వైవా దాటేశారు. బండి ఇప్పుడు పొద్దుటిపూట సర్క్యులర్లు, లైబ్రరీకి పేపర్లు మోస్తోంది. దారం తెంపి మరీ మూడు పెన్నులు ఎత్తుకెళ్లారు. నాలుగోది కాక జేబులో ఉంటుంది.