రోజుకి ఒకటిన్నర ఫ్రాంకు

మార్క్స్‌ని ఇష్టంగా చదివే నేను ఒప్పుకోలేని చోటు ఒకటుంది: లంపెన్ ప్రొలెటేరియట్, అంటే స్థిరమైన పని లేని అట్టడుగు జనం. వాళ్లు ప్రతీఘాత శక్తులకు, అంటే విప్లవాన్ని అణచాలనుకునేవాళ్లకు, అమ్ముడుపోతారని మార్క్స్, ఎంగెల్స్‌ల 1848 కమ్యూనిస్టు ప్రణాళికే హెచ్చరించింది. ఆ జూన్‌లో పారిస్ కార్మికులు తిరగబడ్డారు. వాళ్లని అణచడంలో ముందు నిలిచింది ప్రభుత్వం కొత్తగా చేర్చుకున్న దళం, మొబైల్ గార్డు కుర్రాళ్లు, రోజుకి ఒకటిన్నర ఫ్రాంకు జీతానికి. వాళ్లలో ఎక్కువమంది లంపెన్లేనని మార్క్స్ రాశాడు.

తర్వాత చరిత్రకారులు భర్తీ రికార్డులు తిరగేస్తే వేరే సంగతి బయటపడింది. ఆ కుర్రాళ్లలో చాలామంది చేతిపనివాళ్లే. బారికేడ్ల అవతల తిరగబడ్డవాళ్లవీ దాదాపు అవే వృత్తులు, కాకపోతే గార్డు కుర్రాళ్లు వయసులో చిన్నవాళ్లు. అంటే తేడా పుట్టుకలో లేదు. ఎవరు ముందు చేరదీసి, కూడు పెట్టి, జట్టు కట్టించారన్న దానిలో ఉంది.

ఇది నాకు పుస్తకాల గొడవ కాదు. హైదరాబాద్‌లో అడ్డా కూలీలతో యూనియన్ పని చేస్తాను. "వాళ్లు బిర్యానీ ప్యాకెట్‌కి ఏ మీటింగ్‌కైనా పోతారు" అని మా కామ్రేడ్స్ అంటుంటే ఒళ్లు మండుతుంది. పొద్దున తొమ్మిదైనా పని దొరకని మనిషి, పైసలిస్తామంటే లారీ ఎక్కకుండా ఉంటాడా? 1966లో అమెరికాలోని ఓక్లాండ్‌లో పుట్టిన నల్లజాతి విప్లవ సంస్థ బ్లాక్ పాంథర్లు సరిగ్గా ఇలాంటివాళ్ల దగ్గరికే వెళ్లారు. మనం ఆ అడ్డా మీదికి ఎన్నికలప్పుడు తప్ప ఎందుకు వెళ్లం?