జీతం ఆగినప్పుడు నిలబడాలంటే

గల్ఫ్‌లో జీతం ఆగిపోయిన మనిషికి ఫోన్లో "ధైర్యంగా ఉండు" అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆ ధైర్యం ఎన్నాళ్లుంటుందో మాత్రం శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే చాలా మటుకు తేలిపోతుంది. ఎంత అప్పుతో బయల్దేరాడు, వీసా మీద ఏ పని రాసి ఉంది, కాగితాల నకళ్లు ఎవరి దగ్గర ఉన్నాయి అనే వాటిని బట్టి.

ముందు అప్పు సంగతి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. రసీదు ఇచ్చి తీరాలి. ఆ లైసెన్సు నిజమో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు. మధ్యలో సబ్ ఏజెంటు, ఊళ్లో తెలిసినాయన చేరితే అదే లక్షన్నర అయి కూర్చుంటుంది. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెస్తే నెలకు 4,500 మిత్తికే పోతుంది. యూఏఈలో జీతం వెయ్యి దిర్హాములనుకోండి. తిండికి, ఫోనుకు 350 తీసేసి, దిర్హాముకు 23 రూపాయలు వేస్తే ఇంటికి పంపగలిగేది 15,000కు కాస్త తక్కువ. అందులో దాదాపు మూడో వంతు మిత్తి మింగేస్తుంది. మూడు నెలలు జీతం రాకపోతే మిత్తి బాకీయే 13,500. ఇంటి నుంచి ఫోన్ మోగితేనే గుండె దడ. ఆ దడలోనే మనిషి క్యాంపు వదిలి బయట దొంగచాటు పనికి పోతాడు. అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, "హురూబ్" (పనివాడు పారిపోయాడనే ఫిర్యాదు) రాయిస్తే, జీతం బాకీ ఉన్న కంపెనీ పక్కకు తప్పుకుంటుంది, పారిపోయినవాడు దోషి అవుతాడు. అందుకే వెళ్లేముందే మూడు నెలల మిత్తి, ఇంటి ఖర్చు విడిగా పెట్టాలి. అది కూడా అప్పు తెచ్చిందైతే లెక్కలోకి రాదు.

సౌదీ వీసా మీద వృత్తి అరబ్బీలో ఉంటుంది. ఎలక్ట్రీషియన్ పని అని నోటితో చెప్పి, వీసా మీద "ఆమిల్ మంజిలీ" అని ఉంటే అది ఇంటి పనివాడి వీసా. "సాయిక్ ఖాస్" అంటే ఇంటి డ్రైవరు. ఈ ఇద్దరికీ అక్కడి కార్మిక చట్టం వర్తించదు, వాళ్ల నిబంధనలు వేరే. అక్షరాలు చదవడం వేరు, అర్థం చెప్పడం వేరు. పాతబస్తీలో, బార్కస్ వైపు సౌదీలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లకు చూపించండి. ఒక చాయ్ ఖర్చు, అంతే. విజిట్ వీసా మీద వెళ్లి పని చేసుకోవచ్చనే మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఏజెంట్ల చుట్టూ తిరిగే ముందు హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉన్న, విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ఒకసారి అడిగి చూడండి.

కాంట్రాక్టులో అందరూ మొత్తం జీతమే చూస్తారు. చూడాల్సింది బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ గ్రాట్యుటీగా, అంటే పని వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ముగా వస్తుంది. బేసిక్ 1,000 అయితే ఏడాదికి 700 దిర్హాములు. అదే జీతాన్ని 600 బేసిక్, మిగతాది అలవెన్సులుగా చీల్చితే 420. ఐదేళ్లకు 1,400 దిర్హాముల తేడా, ఒక్క గీత దగ్గర.

ఇక జీతం నిజంగానే ఆగిందనుకోండి. మొదటి నెల నుంచే రోజూ డ్యూటీకి వెళ్తూనే ఉండాలి. కోపంతో గదిలో పడుకుంటే కేసు తిరగబడుతుంది: సౌదీలో సరైన కారణం లేకుండా వరుసగా 15 రోజులు, యూఏఈలో 7 రోజులు దాటి రాకపోతే ఉద్యోగం తీసేయొచ్చు. రోజూ వెళ్లిన టైమూ, వచ్చిన టైమూ చిన్న పుస్తకంలో రాయండి. అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు), కాంట్రాక్టు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఫొటోలు ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో పంపి ఉంచండి, ఫోను పోయినా అవి ఉంటాయి. ఫిర్యాదుకు సౌదీలో 19911, యూఏఈలో 600590000. సౌదీలో ముందు రాజీ ప్రయత్నం, దానికి 21 రోజులు. కుదరకపోతే లేబర్ కోర్టు. వరుసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోతే పాత యజమాని ఒప్పుకోకపోయినా అక్కడ వేరే కంపెనీకి మారొచ్చు. ఈ సంగతి తెలియక "కఫీల్ వదలడు" అని ఏడాది కూర్చున్నవాళ్లు ఉన్నారు. అకామా గడువు తీరినా అదే హక్కు. ఇంట్లోవాళ్లు ఊరికే ఎదురుచూడక్కర్లేదు. హైదరాబాద్ బేగంపేట ప్రజాభవన్‌లో గల్ఫ్ కార్మికుల అర్జీలు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి ఉంది, ఆ ఫొటోలే తీసుకెళ్లి అర్జీ పెట్టొచ్చు.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలంలో కొత్తగా దిగినవాడు మొదటి రోజే పూర్తి పని చేస్తే పడిపోతాడు. ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసే దాకా ఆగకుండా. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు, ఆ రెండున్నర గంటలు నీడలో పడుకోవడం బద్ధకం కాదు.

చివర్లో, లెక్క తేల్చేటప్పుడు, అరబ్బీలో ఉన్న కాగితం ముందు పెట్టి "సంతకం పెడితే టికెట్" అంటారు. అందులో సాధారణంగా ఉండేది "నాకు రావాల్సిందంతా ముట్టింది" అనే మాట. డబ్బు చేతికి వచ్చాకే సంతకం. అంతకుముందు ఫొటో తీసి, చదివించుకుని, ముట్టిన మొత్తాన్ని అంకెల్లో పక్కన రాయండి.