డ్యూటీలో తగిలిన దెబ్బకు పెన్షన్ అడగడం అడుక్కోవడం కాదు

మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఏ బ్యాంకుకు పోయినా గేటు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడే మనిషి చాలాసార్లు మాజీ జవానే అయ్యుంటాడు. కాసేపు మాట్లాడితే మోకాలో, నడుమో, చెవో సర్వీసులోనే దెబ్బతిన్నదని చెప్తాడు. మరి డిజెబిలిటీ పెన్షన్ వస్తోందా అంటే "యాడ వస్తుంది సార్, రిజెక్ట్ చేసినారు" అంటాడు. నేను సర్వీసంతా క్లర్క్‌గా చేసినవాణ్ని, కాగితాల సంగతి తెలుసు కాబట్టి ఆ లెటర్ తెచ్చి చూపించమంటాను. చాలా లెటర్లలో ఉండేది ఒకటే మాట: వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు. అది చదివి, ఇంక పైన ఎవరిని అడగాలిలే అని బీరువాలో పెట్టేస్తారు. అక్కడ ఆగిపోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చూసేది ముఖ్యంగా రెండు విషయాలు. దెబ్బకో జబ్బుకో సర్వీసుతో సంబంధం ఉండాలి, సైన్యం డాక్టర్ల మెడికల్ బోర్డు వేసిన వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. వంద శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం, అంతకన్నా తక్కువైతే ఆ లెక్కన, మామూలు పెన్షన్‌కు అదనంగా కలుస్తుంది. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, భర్తీ అయ్యేటప్పుడు జబ్బు ఉందని రాయకుండా తీసుకుని, తర్వాత ఆ జబ్బు మీదే బయటికి పంపిస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలి, కాదంటే ఎందుకు కాదో నిరూపించాల్సింది సైన్యమే. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసు తీర్పు ఇంకా ముఖ్యం. 20 నుంచి 50 లోపు ఉన్న శాతాన్ని 50గా, ఆ పైన 75 దాకా ఉన్నదాన్ని 75గా, అదీ దాటితే 100గా లెక్కగట్టే పద్ధతి, పూర్తి సర్వీసు చేసి మామూలుగా రిటైర్ అయినవాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది. అంటే బోర్డు 30 వేస్తే వచ్చేది 50 లెక్కన. 2023 సెప్టెంబరు 21 నుంచి బయటికొచ్చినవాళ్లకు రూల్స్ వేరే, నేను చెప్పేది అంతకు ముందువాళ్ల సంగతి.

మా పక్క ఊరి తమ్ముడొకడికి లడఖ్‌లో బండి బోల్తాపడి మోకాలు పోయింది. ఇప్పటికీ మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సిందే. "కాళ్లూ చేతులూ పోయినోళ్లు ఉండారన్నా, నేనేం మొహం పెట్టుకుని అడిగేది" అన్నాడు. వాడి మాట విని నాకు కోపమూ వచ్చింది, బాధా వేసింది. యుద్ధంలో గాయపడినవాళ్లకు వార్ ఇంజురీ పెన్షన్ వేరేగా ఉంది, దాని రేటు దీనికన్నా ఎక్కువ. వీడు అడిగినంత మాత్రాన వాళ్ల వాటా ఏమీ తగ్గదు. డ్యూటీలో పోయిన మోకాలికి ప్రభుత్వం రూల్ రాసి మరీ ఇస్తానన్న డబ్బు అడగడానికి సిగ్గెందుకు?

అట్లని ప్రతి దెబ్బకూ రాదు. సెలవులో ఇంటికొచ్చి, సొంత పని మీద బైకులో పోతూ పడితే, సర్వీసుతో సంబంధం చూపించకుండా కోర్టులో నిలబడదు. ఆశపెట్టి ఫీజు గుంజేవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి.

దెబ్బ విషయంలో అన్నిటికన్నా బలమైనది ఆ రోజు యూనిట్‌లో తయారైన ఇంజురీ రిపోర్ట్. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం లోపల జరిపే విచారణ, జరిగి ఉంటే దాని కాపీ కూడా. ఇప్పుడు సర్వీసులో ఉన్న పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే: నొప్పి తగ్గింది కదా అని వదిలెయ్యకండి, రిపోర్ట్ రాయించి కాపీ ఇంట్లో పెట్టుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఆ కంపెనీ కమాండర్ ఎక్కడుంటాడో, సాక్షి ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు.

ఇప్పటికే రిజెక్ట్ అయినవాళ్లు ముందు లెటర్ మీద తేదీ చూడండి. మొదటి అప్పీలుకు ఆరు నెలల గడువు. దాటిపోయినా ఆలస్యానికి కారణం రాసి పంపండి. అది కూడా కొట్టేస్తే రెండో అప్పీలు, ఆ తర్వాత సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. మన ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచ్ కిందికి వస్తుంది. చాలా లేటుగా పోతే పాత బకాయి మొత్తం రాకపోవచ్చు, అందుకే నానబెట్టొద్దు. మెడికల్ బోర్డు కాగితాలు చేతిలో లేకపోతే రికార్డ్స్ ఆఫీసుకు ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి. అప్పీలు రాసుకోవడం రాకపోతే బ్రోకర్ దగ్గరికి పోకముందే, డిశ్చార్జ్ బుక్కూ ఆ రిజెక్ట్ లెటరూ తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయి అడగండి.