మల్లన్న పట్నం నుంచి చేర్యాల పటం దాకా

సంక్రాంతి నుంచి ఉగాది దాకా సిద్దిపేట జిల్లా కొమురవెల్లి మల్లన్న గుడి దగ్గర ప్రతి ఆదివారం జాతరే. రాజీవ్ రహదారి విడిచి లోపలికి మళ్లగానే ఆటోలు, ట్రాక్టర్లు, వాటి నిండా బోనాలు పట్టుకున్న ఆడవాళ్లు, ఒళ్లంతా పసుపు బండారి పూసుకున్న పిల్లలు. మల్లన్నకు ఒకవైపు బలిజ మేడలమ్మ, మరోవైపు గొల్ల కేతమ్మ. శివుడే అయినా ఈయన గొల్లల ఇంటి అల్లుడు. ఆయన కథ చెప్పి మొక్కు చెల్లించేది ఒగ్గు పూజారులు.

గుడి చుట్టూ జాగా దొరికిన చోటల్లా పట్నాలు, అంటే మొక్కు కోసం రంగుపొడులతో నేల మీద పెద్ద ముగ్గులు, వేస్తున్నారు. ఒక కుటుంబం పక్కన నిలబడ్డాను. పూజారి పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపొడి వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ నేల మీద గళ్లు నింపుతున్నాడు. చేతులు ముగ్గు మీద, నోరు కథలో. పక్కన డోలు, తాళం. కేతమ్మ ఘట్టం రాగానే ఇంటి పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. పెద్దాయన భుజం మీద గొంగడి ఉంది. కొడుకును మంద గురించి అడిగితే, "మా నాయనకు ఉండె అక్కా, నాకు ఆటో ఉంది" అన్నాడు.

పట్నం అయ్యాక పూజారి కాసేపు మాట్లాడాడు. ఊళ్లో కురుమల దేవుడు బీరప్ప కథ ఎత్తుకుంటే తెల్లారేదట, ఇప్పుడు వేదికల మీద పావుగంటలో ముగించమంటున్నారట. ఒగ్గుకథకు సంగీత నాటక అకాడమీ పురస్కారం తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం మొదలైందీ అదే ఏడు. వాటిలో చాలా వరకు బయటి రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చినవి. గొంగడి కావాలంటే నల్ల ఉన్ని దక్కనీ గొర్రె కావాలి, అదేమో తగ్గిపోతోంది. ఉన్ని లేని నెల్లూరు గొర్రె మాంసానికి గిరాకీ ఎక్కువ.

అక్కడి నుంచి చేర్యాల దగ్గరే. కథలను పొడుగు గుడ్డ మీద వరుస బొమ్మలుగా గీసే ఒక నకాషీ చిత్రకారుడి ఇంట్లో మధ్యాహ్నమంతా గడిపాను. వాకిట్లో చింతగింజల గంజి ఉడుకుతోంది. పటం గుడ్డకు పూసేది ఇదే, గొంగడి పోగులకు పట్టించేదీ ఇదే. ఒకప్పుడు ఆయన తాతల దగ్గరికి గొల్లలకు కథలు చెప్పే మందహెచ్చులు వచ్చి పొనికి కర్ర బొమ్మలు చేయించుకునేవారు. వాటిని వరుసగా నిలబెట్టి గొల్లల ఇళ్ల ముందర కాటమరాజు కథ చెప్పేవారు. కరువులో మందలను నెల్లూరి సీమకు తోలుకెళ్లిన కాటమరాజు, పుల్లరి (మేత పన్ను) తగాదాలో నల్లసిద్ధి రాజుతో ఎర్రగడ్డపాటి దగ్గర యుద్ధానికి దిగుతాడు. గడ్డి కోసం జరిగిన యుద్ధం! గుట్టలు క్వారీలై, బీళ్లు ప్లాట్లయిన ఈ రోజుల్లో గొల్లలకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది?

ఇప్పుడు ఆయన ఎక్కువగా చేసేది మాస్కులు, తాళంచెవి గొలుసులు, హైదరాబాద్ ఇళ్లలో గోడకు తగిలించే చిన్న బొమ్మలు. గీతలో పదును తగ్గలేదు, ఎరుపు నేల అలాగే మెరుస్తోంది. తగ్గింది కథ పొడవు. మజ్జిగ చిలికే గొల్లభామ ఒక్కతే చట్రంలో మిగిలింది, ఆమె ఎవరి బిడ్డో, ఎటు పోతోందో చెప్పే తర్వాతి బొమ్మ లేదు. నాకు అది నిజంగా కష్టంగా అనిపించింది.

ఆయన కూతురు గీసిన ఒక పటం మాత్రం నన్ను పట్టి నిలబెట్టింది. అదే ఎరుపు, అవే పెద్ద కళ్లు. గొంగడి కప్పుకున్న కాపరి నాలుగు వరుసల రోడ్డు దాటిస్తున్నాడు మందను, రెండు పక్కలా లారీలు ఆగి ఉన్నాయి. "రోజూ చూసేదే కదా అక్కా, గీసిన" అంది ఆ అమ్మాయి. అడిగిన ధరకు తీసుకున్నాను. కాటమరాజు కథను కూడా పొడుగు పటంగా, ఇప్పటి కాపరులతో కలిపి గీస్తారా అని అడిగాను.

"గీస్తం. కానీ ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మనో మందహెచ్చులు చెప్తేనే మాకు తెలిసేది. ముందు కథ చెప్పేటోళ్లను దొరకబట్టాలె" అన్నాడు తండ్రి. జనగామ వైపు పల్లెల్లో ఇంకా చెప్పేవాళ్లు ఉన్నారేమోనని కనుక్కునే పని నేను ఒప్పుకున్నాను.